గొంతులు: నజరేనా స్తూరాని

ఆ ఊళ్లో ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని "ఇవాళ ఎన్ని గొంతులు గోకావే?" అని అడిగితే ఎవరూ ఉలిక్కిపడరు. "నూట నలభై. నడుం లేవట్లేదు" అని అవతలామె జవాబు చెప్తుంది. ఇటలీలో అంకోనాకు దక్షిణాన కొండ మీదున్న ఆ ఊరు వందేళ్లుగా అకార్డియన్లు చేసి బతుకుతోంది. అకార్డియన్ పొట్టలో గాలికి పలికే సన్నటి ఉక్కు రేకుల్ని, రీడ్లను, అక్కడివాళ్లు రీడ్లనరు, గొంతులంటారు. తాతలనాటి మాట. కొండ దిగి నాలుగు ఊళ్లు దాటితే ఆ మాటకు ఆ అర్థం లేదని వాళ్లకెప్పుడూ తోచలేదు. పెళ్లికో ఆస్పత్రికో తప్ప నాలుగు ఊళ్లు దాటి వెళ్లే అలవాటు వాళ్లకు లేదు మరి.

నజరేనా స్తూరాని పద్నాలుగో ఏట, నాన్న పక్కన శ్రుతి చేసే బల్ల ముందు కూర్చుని ఆకురాయి పట్టింది. ఇప్పుడు ఆమెకు యాభై రెండు. రీడు కొస దగ్గర గీస్తే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీస్తే కిందికి దిగుతుంది. విద్య అంతా ఇంతే. ఈ కాస్త విద్య పూర్తిగా పట్టుబడటానికి ముప్పై ఎనిమిదేళ్లు చాల్లేదని ఆమె అంటుంది, ఆ మాట గొప్పకు కాదు, నిజంగానే అంటుంది.

అకార్డియన్‌లో ఒక్కో స్వరానికి రెండు గొంతులుంటాయి. ఒకటి ఉండాల్సిన చోట ఉంటుంది. రెండోదాన్ని వెంట్రుకవాసి పైకి ఎత్తి వదలాలి. అప్పుడు రెండూ ఒకదానితో ఒకటి రాసుకుని స్వరం సన్నగా వణుకుతుంది. ఆ వణుకు లేకపోతే ఆ పెట్టెను ఎవరూ కొనరు. "రెండూ ఒక్క మాట మీదుంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని లెక్క. కాస్త పేచీ ఉండాలి, మొగుడూ పెళ్లాలకున్నంత. విడాకులంత కాదు" అని వాళ్ల నాన్న చెప్పేవాడు. ఎంత పేచీ ఉండాలన్నది చేతిని బట్టి. ఊళ్లో ముసలివాళ్లు కళ్లు మూసుకుని నాలుగు స్వరాలు వింటే చాలు, ఇది ఫలానావాళ్ల చెయ్యి అని చెప్పేసేవాళ్లు. స్తూరాని వాళ్ల వణుకు మెల్లగా, ఊపిరిలా ఉంటుందని పేరు. నాన్న పోయాక ఆ చెయ్యి నజరేనా ఒక్కదానికే మిగిలింది.

ఇన్ని వేల గొంతులు సరిచేసిన మనిషికి సొంత గొంతు మాత్రం కాకిది. ఎనిమిదేళ్లప్పుడు చర్చిలో పిల్లల పాటకు నిలబెడితే ఫాదర్ ఇజీనో మూడో చరణంలో చెయ్యెత్తి ఆపాడు. "నువ్వు నోరు కదుపు తల్లీ. శబ్దం మాత్రం చెయ్యకు. దేవుడికి ఎలాగూ అర్థమవుతుంది" అన్నాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆమె పెదవులు కదుపుతూనే ఉంది. ఫాదర్ ఇజీనో ముసలివాడైపోయి ఆ మాట ఎప్పుడో మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు.

సరే, పందొమ్మిది వందల డెబ్బై మూడో సంవత్సరం ఏప్రిల్‌లో ఒక రోజు ఫ్యాక్టరీ యజమాని తస్సెల్లి ఆమెను గదిలోకి పిలిచాడు. ఈ తస్సెల్లి చిన్నప్పుడు నజరేనా నాన్న దగ్గరే పని నేర్చుకున్నవాడు, అంచేత ఆమె ముఖం చూసి మాట్లాడలేక కిటికీ చూస్తూ మాట్లాడాడు.

"చూడమ్మా నజరేనా, పోయిన ఏడాది ఎన్ని అకార్డియన్లు అమ్మామో చెప్తే ఏడుస్తావు. కుర్రకారుకు గిటార్లు కావాలి, కరెంటు ఆర్గన్లు కావాలి."

"కావాలంటే ఇవ్వండి. దానికి నన్నెందుకు పిలిచారు?"

"శ్రుతి బల్లలు తీసేస్తున్నాను. నీది ఆఖరు."

ఆమె చేతులకంటిన ఉక్కు పొడి దులుపుకుంది. ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"కరెంటు ఆర్గన్లు చేసే గదిలో ఒక చోటుంది. ఇంజనీరు చూపిస్తాడు. సూది చూసి మర తిప్పడమే. పదిహేను పని రోజులు చూద్దాం. పట్టుబడితే అక్కడే ఉంటావు. లేదంటే ప్యాకింగు. జీతంలో ఏం తేడా రాదు, అది నా మాట."

జీతంలో తేడా రాదన్న మాటకే ఆమెకు ఒళ్లు మండింది. అట్టపెట్టెల్లో గడ్డి కుక్కినా అదే జీతం, స్తూరాని చెయ్యి తిప్పినా అదే జీతమంటే ఇన్నాళ్లూ ఈయన దేనికి ఇచ్చినట్టు?

కరెంటు గది ఇంజనీరు బెల్లగాంబ బొలోన్యా నుంచి వచ్చిన కుర్రాడు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, నోట్లో నాలుక లేనివాడు, ఎదురుగా చీపురుకట్ట ఉన్నా దానికీ నమస్కారం పెట్టే రకం. అతను తయారుచేస్తున్న పెట్టె చూడటానికి చిన్న ఆర్గన్‌లా ఉంటుంది. లోపల తీగలు, దీపాలు, పన్నెండు స్వరాలకు రెండేసి గొంతుల చొప్పున, స్క్రూడ్రైవరుతో తిప్పే ఇరవై నాలుగు మరలు. దేశంలో ఇలాంటిది ఇంకెవరి దగ్గరా లేదని అతని నమ్మకం. పక్కనే ఒక గాజు డబ్బా, అందులో సూది. మర తిప్పుతుంటే సూది కదులుతుంది. సున్నా మీద నిలబడితే స్వరం సరిగ్గా ఉన్నట్టు.

"దీనికి చెవులెక్కడున్నాయి బాబూ?" అని మొదటి రోజే అడిగింది నజరేనా.

"అక్కర్లేదండీ. అదే దీని గొప్ప."

ఆమె పళ్లు బిగబట్టి పన్నెండు రోజులు సూదిని సున్నా మీద నిలబెట్టింది. పని పట్టుబడలేదని కాదు, పట్టుబడింది. పట్టుబడటమే అవమానంగా ఉంది. ఈ పని పిల్లి కూడా చేస్తుందని రాత్రి భోజనాల దగ్గర మొగుడితో అంది. ఒరెస్తే కూరగాయల వ్యాపారి. మూడు చక్రాల బండిలో కొండ చుట్టూ తిరిగి రాయైనా కరిగేట్టు మాట్లాడి అమ్ముతాడు. "అయితే మన పిల్లిని పంపి నువ్వు ఇంట్లో ఉండు" అన్నాడు. ఆమె నవ్వలేదు. అతను వెంటనే నవ్వడం మానేసి ఆమె పళ్లెంలో ఇంకో గరిటె వడ్డించాడు.

ఇంతకీ ఆ పెట్టె వెళ్లాల్సింది ఎవరి దగ్గరికో తెలుసా? రుజ్జేరో దగ్గరికి. అతను ఒరెస్తే అక్క కొడుకు, పెజారో సంగీత కళాశాలలో ఆరేళ్లు చదివి, పట్టా ఏడాదిలో వస్తుందనగా మానేసిన మహానుభావుడు. జుట్టు భుజాల దాకా. ఇంకో ముగ్గురితో కలిసి బ్యాండు పెట్టాడు. బ్యాండు పేరు 'పోస్టాఫీసు వెనక సందు'. ఆ రోజుల్లో అలాంటి పేర్లే పెట్టుకునేవాళ్లు, ఎంత పొడుగ్గా ఉంటే అంత గౌరవం. ఒరెస్తే కూరగాయల షెడ్డులో సాధన. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. పాట మొదలయ్యాక వెళ్లి సూపు పొయ్యి మీద పెట్టి, అది ఉడికాక దించి వస్తే ఇంకా అదే పాట నడుస్తుండేది. పైగా ఆరు దెబ్బలకు అయిపోవాల్సిన తాళాన్ని ఏడు దెబ్బల దాకా లాగేవాళ్లు. షెడ్డు పక్కనే కోళ్ల గూడు, ఆ ఏడు లెక్కకు అవి కూడా అలవాటు పడలేకపోయాయి.

"ఒరే, మీ పాట నా బల్లను తినేసిందిరా" అంది నజరేనా, బల్ల పోయిన మర్నాడు.

రుజ్జేరో తల దించుకున్నాడు. "తెలుసత్తా. నాకు నిద్ర పట్టలేదు."

"పట్టలేదా? అయితే బానే ఉంది" అంది. కానీ ఆ రోజు కూడా షెడ్డుకు కాఫీ పంపింది. ఏం చేస్తుంది, మేనల్లుడు.

పదమూడో రోజు శుక్రవారం. పొద్దున్నే సూది డబ్బా పాడైంది. బెల్లగాంబ దాన్ని చంకలో పెట్టుకుని అంకోనాకు పరిగెత్తుతూ గుమ్మంలో ఆగాడు.

"రేపు పెట్టె రుజ్జేరో గారికి వెళ్లిపోవాలి. ఆదివారం ఫాల్కొనారాలో పెద్ద కచేరీ కదండీ, రోమ్ నుంచి కూడా వాయిద్యగాళ్లు వస్తున్నారట. మీరు చెవితోనే రెండు గొంతులూ సరి చేసి ఇచ్చెయ్యండి."

"అలాగే బాబూ."

గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి సూది లేదు. కళ్లు మూసుకుంది. ఒక స్వరం నొక్కి పట్టుకుని రెండో మర తిప్పింది. మధ్యాహ్నం భోజనం గంట మోగింది కూడా వినలేదు. సాయంత్రం లేచేసరికి ఈ పదమూడు రోజుల్లో ఎన్నడూ లేనంత హాయిగా ఉంది. ఎందుకు హాయిగా ఉందో ఆలోచించలేదు. అదే ఆమె చేసిన తప్పు.

ఆదివారం పదకొండు గంటల పూజ. ఫాదర్ ఇజీనో ప్రసాదపు అప్పాన్ని రెండు చేతులతో పైకెత్తే వేళకు చర్చిలో అందరూ మోకాళ్ల మీదున్నారు. ఆ ఒక్క సమయంలో ఆర్గన్ వాయించేవాడు ఒక పాత పిడి లాగుతాడు. దాన్ని లాగితే మామూలు గొట్టాలకు తోడు ఇంకో వరస పలుకుతుంది, అది వెంట్రుకవాసి తేడాగా శ్రుతి చేసిన వరస. స్వరం వణుకుతుంది. ఆ పిడి మీద 'మనిషి గొంతు' అని రాసి ఉంటుంది. చిన్నప్పట్నుంచీ ప్రతి ఆదివారం వింటున్నదే. ఆ రోజు వినగానే మాత్రం నజరేనా చటుక్కున తలెత్తింది.

శుక్రవారం తన చేతులు చేసింది ఇదే. బెల్లగాంబ సరి చెయ్యమన్నాడంటే రెండూ సరిసమానంగా ఉండాలని అర్థం. ఆమె చేతులు సరి అంటే వాటికి తెలిసిన సరి చేసేశాయి. ఆ కరెంటు పెట్టె పొట్ట నిండా వణుకు పెట్టి, మూత బిగించి, సంతకం చేసి పంపింది.

"ఒరెస్తే, లే" అంది, పూజ మధ్యలోనే.

"ఏమైంది?"

"బండి తియ్యి. మూడు గంటలకు కచేరీ. ఈలోపు నేను మరలు తిప్పాలి."

ఇంటి దగ్గర ఒరెస్తే అక్క పొద్దుట్నుంచీ నిలబడి, పిండి రేకుల మధ్య మాంసం పేర్చి చేసిన విన్చిస్‌గ్రాస్సి పళ్లెం పొయ్యిలో పొరలు పొరలుగా పొంగుతోంది. ఆదివారం దాన్ని వదిలేసి వెళ్లడమంటే ఆ ఊళ్లో మనిషిని వదిలేసి వెళ్లినంత పని. ఒరెస్తే పొయ్యి వైపు ఒక చూపు చూశాడు, పెళ్లాం ముఖం ఒక చూపు చూశాడు, బండి తీశాడు. ముందు సీటు ఒక్క మనిషికే. వెనకాల ఆర్టిచోకుల బుట్టల మధ్య, ఆదివారం నల్ల గౌనులో, చేతిసంచీలో స్క్రూడ్రైవరుతో నజరేనా కూర్చుంది. కొండ దిగుతున్నంతసేపూ లెక్క వేసుకుంది. పద్నాలుగు పని రోజులు అయిపోయాయి, మిగిలింది ఒక్కటి. రుజ్జేరో పరువు పోతుంది, బెల్లగాంబ మంచివాడు కాబట్టి ఏమీ అనడు, తస్సెల్లి కిటికీ చూస్తూ ప్యాకింగు అంటాడు. ఆకురాయి పట్టిన చెయ్యి ఇక గడ్డి కుక్కాల్సిందే. సరే, తన ఖర్మ తాను అనుభవిస్తుంది. కుర్రాడి ఖర్మ మాత్రం తన వల్ల కాలకూడదు.

ఫాల్కొనారా ఫుట్‌బాల్ మైదానం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. గేటు దగ్గర కొందరు "సంగీతం అందరిదీ, టికెట్ ఎందుకు?" అని అరుస్తూ కడ్డీలు ఊపుతున్నారు. గడ్డం కుర్రాడొకడు నల్ల గౌనును చూసి పక్కకు జరిగాడు.

"బామ్మగారూ, మీరూ పోరాటానికేనా?"

"పోరాటం కాదు నాయనా, మర తిప్పాలి."

అతనికేం అర్థమైందో గానీ "బామ్మగారికి దారివ్వండి" అని అందరినీ తోశాడు. అదే సమయానికి గేటు ఊడింది. టికెట్ లేకుండా ఎక్కడికీ వెళ్లని నజరేనా, ఆ తోపులాటలో కాళ్లు నేలకు ఆనకుండానే లోపలికి వచ్చిపడింది. ఒరెస్తే టోపీ పోయింది.

వేదిక మీద ముందు వచ్చిన బ్యాండు దిగిపోతోంది. దిగిపోవడం కాదు, దింపేస్తున్నారు. ఈలలు, ఖాళీ డబ్బాలు, టమాటాలు. ఆ రోజుల్లో వినేవాళ్లకు నచ్చకపోతే చప్పట్లు మానడంతో ఊరుకునేవాళ్లు కాదు. "పండిన టమాటాలు, చూడు, ఒక్కటీ కుళ్లలేదు" అని ఒరెస్తే ప్రాణం ఉసూరుమంది. నజరేనా జనాన్ని చీల్చుకుని వేదిక వెనక మెట్ల దాకా చేరింది. అక్కడొకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరు మీరు?"

"ఆ కీబోర్డు వాడి అత్తని. రెండు నిమిషాల పని."

"మొదలుపెట్టేశారమ్మా."

నిజమే. డ్రమ్ములు అందుకున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆమె స్క్రూడ్రైవరు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

ఏడేసి దెబ్బలు. షెడ్డులో కోళ్లను పరిగెత్తించిన అదే లెక్క, ఇక్కడ మాత్రం ఎండలో, ఇళ్లంత ఎత్తు స్పీకర్లలోంచి. బేస్ గిటారు కిందనుంచి పాకింది. ఫ్లూటు దాన్ని తరిమింది. జనం ఇంకా తేల్చుకోలేదు. ముందు వరసలో ఒక పొడుగాటివాడు టమాటా చేత్తో ఎగరేసి పట్టుకుంటూ ఎదురుచూస్తున్నాడు. ఆరు నిమిషాలైంది. ఒక్కసారిగా అందరూ ఆపేశారు. రుజ్జేరో ఒక్కడే మిగిలాడు. ఆ పెట్టె మీద ఒక్క స్వరం నొక్కి పట్టుకున్నాడు.

నజరేనా కళ్లు గట్టిగా మూసుకుంది.

స్వరం వణికింది. మెల్లగా, ఊపిరిలా. నాన్న చెప్పిన పేచీ, మొగుడూ పెళ్లాలకున్నంత. చిన్న గదిలో ఆకురాయి పొడి మధ్య కూర్చుని చెవి దగ్గర పెట్టుకుని విన్న ఆ పేచీ ఇప్పుడు మైదానం మీదుగా వెళ్లి రైలు పట్టాలు దాటి సముద్రం దాకా పోతోంది. రుజ్జేరో రెండో స్వరం కలిపాడు, మూడోది కలిపాడు. మూడింటి కింద మూడు వణుకులు. ఒక్కటీ తప్పు కాదు. ఆమెకు ఏడుపొచ్చింది. నాన్న చచ్చిపోయిన పన్నెండేళ్లకు ఇన్ని వేలమంది ఒక్కసారి ఆయన చెయ్యి వింటున్నారని, ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తెలియక పక్కనున్న ఒరెస్తే మోచెయ్యి పట్టుకుంది.

"ఇది మీ నాన్న కదే" అన్నాడు ఒరెస్తే, నెమ్మదిగా.

"ఊఁ."

"అటు చూడు. వాడు టమాటా తినేస్తున్నాడు."

నిజంగానే ఆ పొడుగాటివాడు, చూపు వేదిక మీద నుంచి తిప్పకుండా, చేతిలోని టమాటా కొరుక్కుని తింటున్నాడు.

కచేరీ అయ్యాక వేదిక వెనక రుజ్జేరో చెమటలో నానిపోయి, ఊపిరందక, కచేరీ వినడానికి వచ్చిన బెల్లగాంబను ముందు పట్టుకున్నాడు. "ఏం చేశారు సార్ దీన్ని? నిన్న షెడ్డులో మొదటిసారి నొక్కగానే నా ఒళ్లు జల్లుమంది."

బెల్లగాంబ తెల్లముఖం వేశాడు. "నేనేం చెయ్యలేదండీ. సూది లేదు... అసలు ఇది శ్రుతి తప్పింది."

నజరేనా ముందుకొచ్చింది. "నేనేరా. పొరపాటైంది. పాత చెయ్యి, దానిదారిన అది చేసేసింది. రెండు నిమిషాల్లో సరి చేసేస్తా, ఆ మూత ఇలా—"

రుజ్జేరో రెండు అరచేతులూ మూత మీద పెట్టేశాడు.

"అత్తా, దీన్ని ముట్టుకుంటే నామీద ఒట్టు."

"తప్పురా అది."

"తప్పయితే నా జీవితమంతా ఇదే తప్పు వాయించుకుంటా. మూడేళ్లుగా నేను వెతుకుతున్నది ఇదే. పెజారోలో లేదు, ఆ విదేశీ రికార్డుల్లో లేదు. మన వీధిలో, నీ బల్ల మీద ఉంది. నేను నీ బల్ల తినేశాను, నువ్వు నాకు ఇది పెట్టావు." అతను ఆమె కుడి చెయ్యి తీసుకుని, ఆకురాయి కాయలు కాసిన ఆ వేళ్లను కళ్లకద్దుకున్నాడు.

"చాల్లే, చెమట" అంది నజరేనా. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

సోమవారం పదిహేనో రోజు. తస్సెల్లి కిటికీ చూస్తూ ఉన్నాడు. రోమ్ నుంచి వచ్చిన రెండు బ్యాండ్లు "సందు కుర్రాళ్ల పెట్టెలాంటిదే కావాలి" అని అప్పుడే కబురు పెట్టాయి. బెల్లగాంబ నిజాయితీపరుడు. బాగుచేయించుకొచ్చిన సూది డబ్బా తీసుకుని రుజ్జేరో షెడ్డుకు వెళ్లి ఒక్కో మర ఎంత తేడాగా ఉందో కాగితం మీద రాసుకొచ్చాడు. ఒక్కటీ ఇంకో దానితో కలవలేదు. అవే తేడాలు గదిలో తయారవుతున్న రెండో పెట్టెలో అచ్చు గుద్దినట్టు పెట్టి నొక్కి చూశాడు. మేక అరిచినట్టుంది.

"అర్థం కావట్లేదండీ. సూది ప్రకారం రెండూ ఒకటే" అన్నాడు, ఇంచుమించు ఏడుపు గొంతుతో.

నజరేనా ఆ పెట్టె మీద ఒక స్వరం నొక్కి వింది. "దీని ఛాతీ వేరు బాబూ. ఎవరి ఛాతీని బట్టి వాళ్లకు ఊపిరి. వింటూ తిప్పాలి" అని మర మీద చెయ్యి వేసింది. బెల్లగాంబ పక్కన నిలబడి గంటసేపు విన్నాడు. తర్వాత గోడౌన్‌కు వెళ్లి, ఆమె పాత బల్లను తనే మోసుకొచ్చి కిటికీ దగ్గర వేశాడు. తస్సెల్లి అప్పటికి కిటికీ చూడటం మానేశాడు. "మీ నాన్న ఉంటే నన్ను రెండు తన్నేవాడు" అన్నాడు.

"ఒకటే తన్నేవాడు. మీరంటే ఆయనకు ఇష్టం" అంది నజరేనా.

నవంబరులో మిలాన్ నుంచి సందు కుర్రాళ్ల రికార్డు వచ్చింది. రెండు పక్కలకూ కలిపి మూడే పాటలు. అట్ట వెనక ఎవరెవరు ఏం వాయించారో రాసే చోట, రుజ్జేరో పేరు, డ్రమ్ములవాడి పేరు, మిగతా ఇద్దరి పేర్లు. వాటి కింద అవే అక్షరాల్లో, అంతే పెద్దగా: 'గొంతులు: నజరేనా స్తూరాని'. రుజ్జేరో తన చేత్తో రాసి పంపినమాట. అలా రాయకపోతే ఇంకెలా రాస్తాడు? గొంతులు చేసింది ఆమే కదా. ఊళ్లో అందరూ చదివి తలలూపారు. స్తూరాని ముసలాయన సమాధి దగ్గర ఒరెస్తే ఒక కాపీ పెట్టబోతే వాన వస్తుందని ఆమె ఆపింది.

నాలుగు ఊళ్ల అవతల మాత్రం ఆ ముక్కను వేరేగా చదివారు. మిలాన్ పత్రిక ఒకటి 'స్తూరాని గాత్రం ఎంతో నిగ్రహంతో, దాదాపు వినబడనంత సున్నితంగా ఉంది' అని మెచ్చుకుంది. రుజ్జేరో ఆ పత్రిక పట్టుకుని ముఖం కందగడ్డ చేసుకుని వచ్చాడు. "గొంతులంటే పాడటమనుకున్నారత్తా. నాకసలు తట్టలేదు." కాఫీ హోటల్లో వారం రోజులు ఇదే నవ్వు. "ఏమ్మా గాయనీ, ఇవాళ కూడా నిగ్రహమేనా?" అని కసాయి కొట్టువాడు అడిగేవాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వి ఇంటికొచ్చాక, ఎనిమిదేళ్ల పిల్ల మూడో చరణంలో నోరు మూసుకున్న సంగతి గుర్తొచ్చి, రికార్డు అట్ట తిప్పి ఆ ముక్క ఇంకోసారి చదువుకుంది.

డిసెంబరులో బియెల్లా నుంచి ఉత్తరం వచ్చింది. ఉన్ని మిల్లులో పనిచేసే ఈరిదే అనే ఆమె రాసింది. 'అమ్మా, మగ్గాల మోతలో పదేళ్లు పనిచేసి నాకు ఒక చెవి పోయింది. మీ రికార్డు ఉన్న చెవితో ఇరవైసార్లు విన్నాను. మీరెక్కడ పాడారో చూపించమని మా వాళ్లు ఎగతాళి చేస్తున్నారు, ఎవరూ పాడలేదు, అచ్చు తప్పని అంటున్నారు. కానీ రెండో పక్క, ఆర్గన్ ఒక్కటే మిగిలే చోట, నాకు ఒక ఆడమనిషి వినిపిస్తోంది. మాటలు లేవు. ఊపిరి ఉంది. అది వింటే ఆ రోజుకి నాకు ధైర్యంగా ఉంటుంది. అది మీరేనా? నాది భ్రమ అయితే అదైనా రాయండి.'

నజరేనా ఆ ఉత్తరం ఒరెస్తేకు కూడా చూపించలేదు. ఆదివారం దాకా గౌను జేబులో పెట్టుకు తిరిగింది. పూజలో ఫాదర్ ఇజీనో అప్పం పైకెత్తాడు, ఆర్గన్ మీద మనిషి గొంతు వణికింది. ఆ తర్వాత అందరూ లేచి పాట అందుకున్నారు. నజరేనా పెదవులు కదిపింది, శబ్దంతో సహా. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. ఒరెస్తే ఉలిక్కిపడి, తేరుకుని, ఆమెను కప్పేలా తను ఇంకాస్త గట్టిగా పాడాడు. ఫాదర్ ఇజీనో చెయ్యెత్తలేదు.

ఇంటికొచ్చి, పళ్లేలు తీయకముందే, బల్ల మీద చోటు చేసుకుని జవాబు రాసింది. రాత అలవాటు లేదు, రెండు కాగితాలు చించింది. మూడోదాని మీద ఇలా ఉంది:

'ఈరిదే గారూ, మీది భ్రమ కాదు. మీరు విన్నది నన్నే. కొంత మా నాన్నను కూడా. ఇన్నేళ్లకు విన్నందుకు మీకు దణ్ణం పెడుతున్నాను.'